అనంతపురం నుంచి లాల్‌బాగ్‌కి, వసంతంలో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా శివరాత్రి దగ్గర పడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "లాల్‌బాగ్‌లో పూలు వచ్చినాయా? ఇప్పుడు పోవచ్చా?" అని. నేనేదో అక్కడ తోటమాలిని అయినట్టు! నేనుండేది అనంతపురంలో. కాకపోతే చాలా ఏళ్లుగా వసంతంలో ఒక్కసారైనా బెంగళూరులోని ఆ తోటకి పోయి వస్తున్నా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా.

ఎప్పుడు పోవాలి? ఒక్క ముక్కలో చెప్పండి.

ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి చివరిదాకా. ఒక్క రోజే కుదురుతుందంటే మార్చి మొదటి పదిహేను రోజుల్లో, ఆదివారం కాకుండా, పొద్దున ఏడింటికల్లా గేటు దగ్గరుండండి.

ఒక్క ముక్క చాలదు, కాస్త వివరంగా?

అక్కడ పూలన్నీ ఒకేసారి రావు, వంతులవారీగా వస్తాయి. ముందు వచ్చేది టబెబుయా అనే పూల చెట్టు, అందులో గులాబీ రంగుది. జనవరి చివర మొదలై ఫిబ్రవరి అంతా ఉంటుంది. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అంటాం కదా, ఆ చలి పోయే రోజుల్లో గులాబీ రంగు చివరికి వచ్చి పసుపు మొదలవుతుంది. పసుపు టబెబుయాది మార్చి నెల. దాని వెనకే జకరండా, ఊదా రంగులో, మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా. ఆ తర్వాత ఎండలు ముదిరాక తురాయి, రేల. ఆ రెండూ మన ఊళ్లోనూ ఉన్నాయి కాబట్టి వాటి కోసం అంత దూరం పోనక్కర్లేదు.

నన్నడిగితే పసుపు టబెబుయా కోసమే పోవాలి. చెట్టు మామూలుగా చూస్తే ఏమీ ఉండదు. బూడిద రంగు బెరడు, బెండులా పగుళ్లు, వంకర కొమ్మలు. ఆకు ఒక్కటి ఉండదు. ఆ ఎండు కొమ్మల చివర్ల గుత్తులు గుత్తులుగా పూలు. ఒక్కో పువ్వూ చిన్న సన్నాయి గొట్టంలా ఉంటుంది. అంచులు మాత్రం ఉతికి ఇస్త్రీ చేయని బట్టలా ముడతలు ముడతలుగా ఉంటాయి. రేకులు విడిపోకుండా పువ్వు పువ్వుగానే రాలుతుంది. పొద్దున ఊడ్చేవాళ్లు రాకముందు పోతే చెట్టు మీద ఎన్ని పూలో కింద గడ్డి మీద అన్ని. చెట్టు మళ్లీ తన నీడలో పూసినట్టు ఉంటుంది.

ఒక చెట్టు నిండుగా ఉండేది వారం, మహా అయితే పది రోజులు. మధ్యలో ఒక గాలివాన పడిందా, మరుసటి రోజుకి అంతా నేల మీదే. అందుకే తేదీ ముందే చెప్పమంటే చెప్పలేను. బెంగళూరులో చుట్టాలు ఎవరైనా ఉంటే ఫోన్ చేసి "మీ వీధిలో పసుపు చెట్టు పూసిందా" అని అడగండి. అనంతపురంలో బెంగళూరు చుట్టం లేని ఇల్లు ఉందా అసలు?

అసలు చూడాల్సింది ఫ్లవర్ షో కదా?

అందరూ పొరబడేది ఇక్కడే, నేనూ పొరబడ్డా. ఫ్లవర్ షో ఏడాదికి రెండుసార్లు, రిపబ్లిక్ డేకి ఒకటి, స్వాతంత్ర్య దినానికి ఒకటి. అంటే ఒకటి చలికాలం, ఒకటి వానాకాలం. వసంతంలో షో లేదు. షోలో ఉండేవి కుండీల పూలు, కోసి పేర్చిన పూలతో కట్టిన బొమ్మలు. అదీ బాగుంటుంది, కాదనను. కానీ జనం. మొదటిసారి ఇంటిల్లిపాదీ పదకొండు మందిమి షోకి పోయాం. మా పెద్దమ్మ ఇంటికొచ్చాక చెప్పిన మాట: "పూలేం చూసినా నాయనా, ముందున్నోళ్ల వీపులు చూసినా." వసంతంలో ఆ తోపులాట ఉండదు. చెట్లు వాటంతట అవే పూస్తాయి, చూసేవాళ్లు చూస్తారు.

ఆకులు లేకుండా పూలెలా పూస్తాయి? చెట్టు ఎండిపోయిందేమో అనుకున్నాం.

ఎండిపోలేదు, పొదుపు చేస్తోంది. చలికాలం పోయి ఎండ ముదిరేలోపు వానలుండవు. నేలలో తడి తగ్గుతుంది. ఆకులుంటే వాటి గుండా నీరు ఆవిరైపోతుంది కాబట్టి చెట్టు ఆకు రాల్చేస్తుంది. దాచుకున్న బలమంతా పూలకి పెడుతుంది. ఆకులు అడ్డం లేకపోతే తేనెటీగలకీ పిట్టలకీ పూలు దూరం నుంచే కనిపిస్తాయి. వాన మొదలయ్యేలోపు కాయ పగిలి గింజ గాలికి ఎగిరిపోవాలి, ఇదీ దాని లెక్క. మన మోదుగ, బూరుగ చేసేదీ ఇదే పని. వానలు తక్కువపడే చోట బతికే చెట్టుకి ఈ తెలివి ఉండాల్సిందే. మనకి చెప్పాలా ఆ సంగతి!

ఇవి మన దేశపు చెట్లేనా?

కావు. రెండు రకాల టబెబుయాలూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. గులాబీ రంగుది ఎల్ సాల్వడార్ దేశపు జాతీయ వృక్షం. జకరండా కూడా దక్షిణ అమెరికాదే. మనం ప్రతి బడి ముందూ చూసే తురాయి మడగాస్కర్‌ది. నాగలింగం చెట్టుని గుళ్లలో పెంచుతాం కాబట్టి మనదే అనుకుంటాం, అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే.

మరి ఇవన్నీ ఎవరు తెచ్చి పెట్టారు?

కాస్త పెద్ద కథ. నాకు ఇష్టమైన భాగం కూడా, ఓపిక పట్టండి.

తోట మొదలుపెట్టింది హైదర్ అలీ, 1760లో. దానికి స్ఫూర్తి శిరాలోని మొగలాయి తోట అంటారు. శిరా ఎక్కడో కాదు, మన మడకశిర పక్కనే, సరిహద్దుకి అవతల. అంటే ఈ తోట పుట్టుక మన గడప ముందు నుంచే పోయిందన్నమాట. తర్వాత టిప్పు సుల్తాను బయటి దేశాల నుంచి మొక్కలూ విత్తనాలూ తెప్పించాడు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనం అయింది.

తర్వాత వచ్చిన తోట అధికారుల్లో ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోవాలి. ఒకరు జాన్ కామెరాన్. ఈయన పేరు వినకపోయినా ఈయన తెచ్చింది మీరు తినే ఉంటారు: బెంగళూరు వంకాయ. సాంబారులో వేసే ఆ లేత ఆకుపచ్చ కాయని బెంగళూరుకి పరిచయం చేసింది ఆయనే అని చెబుతారు. వంకాయకీ దానికీ చుట్టరికం లేదు, అది సొర, దోస జాతిది. బెంగళూరు నుంచి వచ్చింది కాబట్టి మనం ఆ పేరు పెట్టేసుకున్నాం.

రెండోవారు గుస్టావ్ క్రుంబిగెల్. జర్మన్. లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడా సంస్థానంలో కొన్నాళ్లుండి, 1908లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. బెంగళూరు వీధుల్లో ఏ నెలలో చూసినా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండాలని, ఒకటి రాలిపోయేసరికి ఇంకొకటి అందుకునేలా చెట్లు ఎంచి నాటించిన ఘనత ఆయనకే ఇస్తారు. పైన చెప్పిన వంతులు ఊరికే వచ్చినవి కావు మరి. లాల్‌బాగ్ పక్క రోడ్డుకి ఆయన పేరే పెట్టారు.

దొరల పేర్లు చెప్పి ఊరుకుంటే తప్పు. మొదట్నుంచీ ఈ తోటలో మట్టి పని, నీటి పని చేసిన చేతులు చాలావరకు తిగళులవి. తోటపనికి పేరుపడ్డ కులం వాళ్లది. చైత్ర పౌర్ణమి రాత్రి బెంగళూరు పాతపేటలో జరిగే కరగ ఉత్సవం వాళ్లదే. కరగ అంటే పూలతో అలంకరించిన కుండ, దాన్ని తల మీద మోసే ఆయన్ని మల్లెపూలు కప్పేస్తాయి. మీ ప్రయాణం ఆ పౌర్ణమికి కలిసొస్తే రాత్రికి ఆగండి.

అనంతపురం నుంచి ఎలా పోవాలి?

బస్సయితే మెజెస్టిక్‌లో దిగుతారు. అక్కడే మెట్రో. గ్రీన్ లైన్ ఎక్కితే చిక్కపేట, కె.ఆర్. మార్కెట్, నేషనల్ కాలేజ్, నాలుగోది లాల్‌బాగ్. అంతే. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగడం నా పద్ధతి.

రైలయితే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా. టికెట్ తీసుకునేటప్పుడు రైలు బెంగళూరులో ఏ స్టేషన్‌కి పోతుందో చూసుకోండి. పాత సిటీ స్టేషన్ అయితే మెజెస్టిక్ ఎదురుగానే. యశ్వంతపురం అయితే అక్కడే గ్రీన్ లైన్ దొరుకుతుంది. బయ్యప్పనహళ్లి వైపు కొత్త టెర్మినల్ అయితే మాత్రం ఆటో, మెట్రో మార్పు, కాస్త తిప్పట తప్పదు.

కారయితే 44వ నంబరు హైవే మీద దాదాపు 210 కిలోమీటర్లు. హైవే మీద నాలుగు గంటల లోపే బెంగళూరు పొలిమేర చేరతారు. అసలు కష్టం ఆ తర్వాత. మనం ఊరికి ఉత్తరం నుంచి వస్తాం, తోట దక్షిణాన ఉంది. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పూల సంగతి మర్చిపోవచ్చు. రాత్రి రెండింటికి బయల్దేరి తెల్లారేలోపు హెబ్బాళ దాటేయగలిగితేనే కారు. తిరుగు ప్రయాణంలో కొడికొండ దగ్గర పక్కకి తిరిగి లేపాక్షి చూసి రావచ్చు, కారుతో ఉన్న లాభం అదొక్కటే.

ఏ గేటు నుంచి పోవాలి?

నాలుగు గేట్లున్నాయి, నాలుగు దిక్కులా. తోట 240 ఎకరాలు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మెట్రోలో వస్తే పడమటి గేటు దగ్గర. ఒకసారి మావాళ్లలో సగం మంది వ్యానులో తూర్పు గేటుకి, మేము పడమటి గేటుకి చేరాం. "గేటు దగ్గరే ఉన్నాం" అని రెండు వైపులా ఫోన్లు. టిఫిన్ డబ్బా వాళ్ల దగ్గర, నీళ్లు మా దగ్గర. కలుసుకునేసరికి ముప్పావు గంట. కాబట్టి "గేటు దగ్గర" అనకండి, "పడమటి గేటు దగ్గర" అనండి.

టికెట్ ఎంత? వేళలు?

పొద్దున 6 నుంచి సాయంత్రం 7 దాకా. టికెట్ ధర మారుతూ ఉంటుంది, గేటు దగ్గర బోర్డు మీద చూసుకోండి.

పెద్దవాళ్లు నడవగలరా?

దారులు బాగుంటాయి, చదునుగా ఉంటాయి, కూర్చోడానికి బెంచీలున్నాయి. నడవలేనివాళ్లకి బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని బండ ఎక్కించకండి, అంతే. ఎక్కేటప్పుడు పర్లేదు, దిగేటప్పుడు తెలుస్తుంది.

బండా? ఏ బండ?

తోటలోపల ఒక పెద్ద రాతి గుట్ట ఉంది. దాని మీద ఒకప్పుడు బెంగళూరుని ఏలిన కెంపేగౌడ కట్టించిన గోపురం. ఊరి ఎల్లలు ఇవీ అని నాలుగు దిక్కులా కట్టించిన నాలుగింటిలో ఇదొకటి. ఇప్పుడు దాని చుట్టూ కనుచూపు మేర ఊరే. ఎల్లలట!

రాయి కథ ఇంకా పెద్దది. దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. 1975లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. దక్షిణాదిలో చాలా భాగానికి పునాది అయిన రాయి ఇదే, మన అనంతపురం చుట్టుపక్కల గుట్టల్లోనూ ఎక్కువగా ఈ జాతే. మా అబ్బాయి దాని మీద కూర్చుని చారలు చేత్తో తడిమి, "ఇది మన ఊరి గుట్ట మాదిరే ఉందే" అన్నాడు. బోర్డు చదవకుండానే పట్టేశాడు. ఎండ ఎక్కకముందే ఎక్కండి, తొమ్మిది దాటితే పెనం.

పిల్లలకి ఇంకేం చూపించొచ్చు?

తెల్ల బూరుగ మహావృక్షం. రెండు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. దాని వేళ్లు మొదలు చుట్టూ గోడల్లా లేచి ఉంటాయి, రెండు వేళ్ల మధ్య మనిషి నిలబడితే కనపడడు. దాగుడుమూతలు ఆడాలనిపిస్తుంది కానీ ఇప్పుడు చుట్టూ కంచె ఉంటుంది, దూరం నుంచే చూడాలి. హెచ్‌.ఎం.టి. వాళ్లు పెట్టిన పూల గడియారం ఉంది, దాదాపు 7 మీటర్ల వెడల్పు. గాజు మేడ సంగతి తెలిసిందే, కన్నడలో "గాజిన మనె" అంటారు. 1889లో పునాది వేశారు, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనాలో. వసంతంలో లోపల పెద్దగా ఏమీ ఉండదు, బయట నుంచి చూస్తే చాలు. చెరువు దగ్గర మాత్రం పిల్లల్ని ఓ కంట కనిపెట్టండి.

పూలు కోసుకోవచ్చా? కనీసం రాలినవి ఏరుకోవచ్చా?

కోయకూడదు, ఈల వేస్తారు. రాలిన పువ్వు ఒకటీ అరా ఏరుకుంటే ఎవరూ ఏమనరు. మా అమ్మ ఒకసారి దోసెడు పసుపు పూలు కొంగులో వేసుకుంది. పూజకా అని అడిగితే "రాలిన పూలు పూజకి పనికిరావురా, ఒక్క పారిజాతమే పనికొచ్చేది. ఇవి చూసుకోడానికి" అంది. మెజెస్టిక్ చేరేసరికి అవన్నీ నల్లబడి చేతికి అంటుకున్నాయి. ఈ పువ్వు ఇంటికి రాదు, అక్కడే చూసుకోవాలి.

మరి ఇంటికి పూలు కావాలంటే?

కె.ఆర్. మార్కెట్. లాల్‌బాగ్ నుంచి రెండే స్టేషన్లు. తెల్లారుజామున బస్సు దిగితే ముందు మార్కెట్ చూసి తర్వాత తోటకి పోయినా బాగుంటుంది. బంతి, చామంతి గుట్టలు గుట్టలుగా, కనకాంబరాలు తడిగుడ్డ కింద, మల్లెమొగ్గలు తూకానికి. కట్టిన దండ అయితే మూరల లెక్క. మూర వేసేది అమ్మే ఆమె చేత్తో కాబట్టి పొడుగాటి చెయ్యి ఉన్నామెని చూసుకుని కొనండి. ఈ సలహా మా పిన్నిది, నాది కాదు.

కన్నడ రాదు, ఎట్లా?

దానికి టెన్షన్ ఎందుకు? ఆటో ఆయనా, పూలమ్మే ఆమె, సెక్యూరిటీ, సగం మందికి తెలుగు వస్తుంది. రాకపోయినా మన మాటలు దగ్గరివే. మన "ప" వాళ్లకి "హ" అవుతుందని గుర్తుంటే చాలు: పాలు హాలు, పువ్వు హూవు.

తిండి?

అనంతపురంలో ఉగ్గాని బజ్జీ తిని బయల్దేరదామంటే ఆ వేళకి ఎవరూ పొయ్యి వెలిగించరు. తోట ముఖద్వారం దగ్గర్లో, లాల్‌బాగ్ రోడ్డులో ఎం.టి.ఆర్. ఉంది, 1924 నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం కరువొచ్చినప్పుడు రవ్వతో ఇడ్లీ చేసి చూశారట, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందంటారు. ముందు తోట, తర్వాత ఇడ్లీ. తిరగేస్తే మాత్రం నడక సాగదు.

ఎండ ఎలా ఉంటుంది?

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, మన ఊరు 335 మీటర్ల దగ్గర. మార్చిలో ఇక్కడ 37, 38 డిగ్రీలుంటే అక్కడ నాలుగైదు డిగ్రీలు తక్కువ. "ఏం ఎండలప్పా" అని బెంగళూరువాళ్లు వాపోతుంటే మనకి నవ్వొస్తుంది. అయినా టోపీ, నీళ్లు మర్చిపోకండి. పూలున్న చెట్ల కింద నీడ ఉండదు, ఆకులు లేవు కదా. ఇంకోమాట, సెంటు కొట్టుకుని రాకండి. పెద్ద చెట్ల మీద తేనెతుట్టెలుంటాయి.

ఫొటోలు బాగా రావాలంటే?

పసుపు చెట్టుకి వెనక నీలి ఆకాశం ఉండాలి, కాబట్టి ఎండ వాలుగా ఉండే పొద్దుట పూట. ఎర్ర చీర కట్టుకోకండి, ఆకుపచ్చ కట్టుకోండి. చెట్టుకి లేని ఆకుల రంగు మీరు తెచ్చినట్టు ఉంటుంది. ఫోన్ కెమెరా చాలు.

ఆ మొక్క తెచ్చి మా ఇంటి ముందు నాటొచ్చా?

తోటలో మొక్కలమ్మే చోటు ఉంది. టబెబుయా మొక్కలు మన దగ్గర నర్సరీల్లోనూ దొరుకుతాయి. మన ఎండకి తట్టుకుంటుంది, మొదటి రెండేళ్లు నీళ్లు పోస్తే చాలు. కానీ కొమ్మలు పెళుసు, గాలివానకి విరుగుతాయి. కరెంటు తీగల కిందా కారు నిలిపే చోటా వద్దు. నేను నాటింది ఇంకా పూయలేదు. ఏటా మార్చిలో మా ఆవిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తుంది.

అంత దూరం పోలేం. ఇక్కడే చూసేదేమీ లేదా?

ఎందుకు లేదు? కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు ఐదెకరాల మేర పరుచుకున్న ఒక్క చెట్టు. 1989లో గిన్నిస్ రికార్డుకెక్కింది. 2022లో జిల్లాలు విడదీశాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ, అలవాటుగా మన జిల్లా అనే అంటాం. అక్కడ పూలుండవు, నీడ ఉంటుంది. మార్చిలో ఏది కావాలో మీరే చూసుకోండి.

పూలే కావాలంటే ఊరు దాటి గుట్టల వైపు పోండి. మోదుగ కనిపిస్తుంది. విస్తళ్లు కుట్టే ఆకు చెట్టే, కానీ ఈ నెలలో ఆకు ఉండదు. చిలక ముక్కుల్లాంటి పూలు, నిప్పు రంగులో, నల్లటి మొగ్గతొడిమల్లోంచి వంగి ఉంటాయి. ఊళ్లో రోడ్డు పక్క కానుగలు కొత్తాకు వేసి మెరుస్తుంటాయి, కింద నడిస్తే వాటి పూలు పేలాల్లా రాలి ఉంటాయి. ఇక వేప. ఉగాదికి రెండు రోజుల ముందు పొద్దున్నే కొమ్మ కింద దుప్పటి పరిచి దులపండి. పచ్చడికి పిడికెడు చాలు, మిగిలింది ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటే ఏడాదంతా చారులోకి వస్తుంది. దానికి టికెట్ లేదు, పక్కింటివాళ్ల చెట్టయితే మాత్రం ముందు అడగండి.